నోరు విప్పకుండా ఇంగ్లీషు నేర్చుకోవడం ఎలా? నరసాపురం వారికి తొమ్మిది సూత్రాలు

నరసాపురం అనగానే గోదావరి గట్టూ, లేసు అల్లికలూ గుర్తొచ్చినవాళ్లు ఈ పేజీ తిప్పేయొచ్చు. ఇది కోలారు జిల్లా నరసాపురం. కోలారు నుంచి బెంగళూరు పోయే 75వ నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది. రాగులు, టమాటాలు, మల్బరీ పండిన ఈ నేల మీద 2013లో హోండా వాళ్ల ద్విచక్ర వాహనాల ఫ్యాక్టరీ మొదలైంది. తర్వాత తైవాన్ కంపెనీ విస్ట్రాన్ వచ్చి ఐఫోన్లు బిగించింది. 2023లో ఆ ఫ్యాక్టరీని కొంటున్నట్టు టాటాలు ప్రకటించారు, ఇప్పుడది టాటా ఎలక్ట్రానిక్స్. ఫ్యాక్టరీలతో పాటు ఊరికి షిఫ్టులు వచ్చాయి, పీజీలు వచ్చాయి, బిర్యానీ బండ్లు వచ్చాయి. వాటి వెనకాలే ఇంగ్లీషూ వచ్చింది. మిగతా అన్నిటికీ జనం అలవాటు పడిపోయారు. ఇంగ్లీషు దగ్గర మాత్రం ఇప్పటికీ చాలామంది చూపు నేల మీదే ఉంటుంది.

ఆ చూపు అక్కడే ఉండేలా కాపాడటం ఈ వ్యాసం పని. ఐటీఐనో పీయూసీనో డిగ్రీనో కన్నడ మీడియంలో చదివి, పెళ్లయి, పిల్లలు పుట్టి, ఇప్పుడు ఇంగ్లీషు మాట్లాడాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ల కోసం రాసింది ఇది. వచ్చిన ఇంగ్లీషును కూడా బయటపెట్టకుండా బతకడం ఒక విద్య. దాన్ని కొందరు గురువు లేకుండానే సాధించారు. మరి కొందరు సగంలో చెడిపోయి, నలుగురితో ఇంగ్లీషు మాట్లాడేసి, లైన్ లీడర్లు కూడా అయిపోయారు. మీకు ఆ గతి పట్టకూడదు.

మొదలుపెట్టే ముందు ఒక చిక్కు. మీరు ఇంట్లో మాట్లాడేది తెలుగే, బళ్లో దిద్దింది మాత్రం కన్నడ అక్షరాలు. కైవారం తాతయ్య తెలుగు కీర్తనలను కూడా కన్నడ లిపిలో చూసుకుని పాడుకునే సీమ ఇది. కాబట్టి ఈ వ్యాసాన్ని తెలుగు చదవడం వచ్చినవాళ్ల చేత చదివించుకుని వినండి. వింటున్నప్పుడు ఒక్క ఆలోచన మాత్రం రానివ్వకండి: తెలుగులో ఒక్క అక్షరం రాకుండా, ఒక్క వ్యాకరణ సూత్రం చదవకుండా, తెల్లారి లేచింది మొదలు తెలుగు ఎలా మాట్లాడేస్తున్నాం అని. ఆ ఆలోచన వచ్చిందంటే మొదటి సూత్రమే కూలిపోతుంది.

1. గ్రామర్ మొత్తం అయ్యాకే గొంతు సవరించుకోండి

ఇంగ్లీషులో కాలాలు పన్నెండని ఏ కోచింగ్ సెంటర్‌లో అడిగినా చెబుతారు. పన్నెండూ ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకూ అప్పజెప్పగలిగేదాకా ఎవరితోనూ మాట్లాడవద్దు. తర్వాత యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్. ఆ తర్వాత డైరెక్ట్, ఇండైరెక్ట్. ఈలోగా రిటైరైపోతారు. మంచిదే, ప్రిపొజిషన్లకు తీరిక దొరుకుతుంది.

రెన్, మార్టిన్ అనే ఇద్దరు, బ్రిటిష్ వాళ్ల కాలంలో బడిపిల్లల కోసం రాసిన లావుపాటి గ్రామర్ పుస్తకం ఇప్పటికీ దొరుకుతుంది. కొని దిండు పక్కన పెట్టుకోండి. లండన్‌లో పుట్టిన పిల్లలు దాని ముఖం చూడకుండానే అయిదేళ్లకు గడగడా మాట్లాడతారంటే వాళ్ల అదృష్టం వాళ్లది. మీ ఇంట్లో మూడేళ్ల పిల్ల "నిన్న వస్తాను" అంటే మీరు నవ్వి ఎత్తుకుంటారు, రేపటికి అదే సర్దుకుంటుందని మీకు తెలుసు. మీ విషయంలో మాత్రం ఆ దయ చూపించుకోకండి. పెద్దవాళ్లు మొదటి రోజు నుంచే తప్పులేకుండా మాట్లాడాలి, లేకపోతే మాట్లాడకూడదు.

2. ఇప్పటికే వచ్చిన భాషలను లెక్కపెట్టకండి

కోలారు ఏపీఎంసీలో దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి ఉంది. సీజన్‌లో అటు వెళ్లకండి. వెళ్తే అక్కడొక రైతు కనిపిస్తాడు. పదిహేను కిలోల బాక్సులు దించుతూ కూలీలతో తెలుగు మాట్లాడతాడు. మండీ గుమస్తాతో కన్నడంలో తగువు పెట్టుకుంటాడు. లారీ డ్రైవర్‌ను తమిళంలో తొందరపెడతాడు. ఉత్తరాది వ్యాపారి వస్తే హిందీలోకి దూకి, "భయ్యా, మేరా గాడీ ఆయా, రేటు బోలో" అంటాడు. హిందీ పంతులు వింటే తల పట్టుకుంటాడు, ఎందుకంటే హిందీలో బండి స్త్రీలింగం. వ్యాపారి మాత్రం తల పట్టుకోడు. రేటు చెబుతాడు.

ఆ రైతు ఏ భాషకూ ఫీజు కట్టలేదు, ఏ భాషలోనూ సర్టిఫికెట్ తీసుకోలేదు. అతనికి హిందీ వచ్చా అని అడిగితే "ఏదో కొంచెం వస్తుందప్పా" అంటాడు, ఆ కొంచెంతోనే లోడు అమ్ముకుని ఇంటికి పోతాడు. ఇంగ్లీషు వచ్చా అని అడగండి, ముఖం మాడిపోతుంది. కారణం చిన్నది. మార్కెట్టుకు అతను హిందీ మాట్లాడటానికి వెళ్లలేదు, టమాటా అమ్మడానికి వెళ్లాడు. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి మనమంతా ఇంగ్లీషు మాట్లాడటానికే వెళ్తాం. ఈ తేడా గమనించిన మనిషి మన చేతుల్లోంచి జారిపోతాడు. అందుకే చెప్తున్నాం, మార్కెట్టుకు పోవద్దు.

3. మాట బయటికి రాకముందే పూర్తి తనిఖీ చేయండి

మిషన్ ఆగిపోయింది. సూపర్‌వైజర్ వచ్చి ఎందుకు ఆగిందని ఇంగ్లీషులో అడిగాడు. మీరు చేయవలసినది ఇది. ముందు జవాబు తెలుగులో అనుకోండి. దాన్ని కన్నడంలో సర్దండి. అక్కడి నుంచి ఇంగ్లీషుకు మార్చండి. ఆగిపోయింది ఇప్పుడే కాబట్టి ఏ కాలం వాడాలో తేల్చుకోండి. "ది" పెట్టాలా వద్దా ఆలోచించండి. తల ఎత్తేసరికి సూపర్‌వైజర్ వెళ్లిపోయి ఉంటాడు. మీ వాక్యం మాత్రం నిర్దోషంగా మీ దగ్గరే ఉంటుంది. పక్క మిషన్ దగ్గరి అమ్మాయి "సెన్సార్ ప్రాబ్లం సార్" అనేసి ఆ మూడు మాటలతో పని జరిపించుకుంటే, ఆమె వాక్యంలో క్రియ లేదని గుర్తుచేసుకుని తృప్తి పడండి.

స్టీఫెన్ క్రాషెన్ అనే అమెరికా భాషావేత్త దీనికి అడ్డం వస్తాడు. బట్టీపట్టిన నియమాలు మనసులో తనిఖీ అధికారిగా కూర్చుంటాయని, కొందరు ఆ తనిఖీని అతిగా వాడి మాటే పెగలని స్థితికి వస్తారని అన్నాడాయన. రాసేటప్పుడు తనిఖీకి తీరిక ఉంటుంది, మాట్లాడేటప్పుడు ఉండదు. మన ఫ్యాక్టరీ భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్ సున్నా, క్యూసీ నూటికి నూరు. అలా నడిచే లైనులో రిజెక్షన్ ఒక్కటి కూడా ఉండదు కదా! మనకు కావలసిందీ అదే.

4. ఎదుటివాళ్ల ఇంగ్లీషును చెవిన వేసుకోకండి

మీ ఊహలో ఇంగ్లీషు మాట్లాడే మనిషి సూటు వేసుకుని బీబీసీలో వార్తలు చదువుతుంటాడు. ఆ బొమ్మను చెరగనివ్వకండి. ఎందుకంటే నరసాపురం పారిశ్రామికవాడలో మీకు ఎదురయ్యే మనిషి అతను కాదు. జపాన్ నుంచో తైవాన్ నుంచో వచ్చిన ఇంజినీరు ఎదురవుతాడు, ఇంట్లో ఒడియా మాట్లాడే టెక్నీషియన్ ఎదురవుతాడు, మలయాళం మాట్లాడే హెచ్ఆర్ మేడమ్ ఎదురవుతుంది. విదేశీ ఇంజినీరు పార్టు చేతిలోకి తీసుకుని "దిస్ వన్ నో గుడ్, చేంజ్" అంటాడు. అతని జీతం మీ జీతానికి ఎన్ని రెట్లో మీకు తెలుసు. ఆ వాక్యం అన్నాక అతను సిగ్గుతో తల దించుకోలేదు. పార్టు మారిందా లేదా అని చూశాడు, అంతే.

డేవిడ్ క్రిస్టల్ అనే బ్రిటిష్ భాషా పండితుడి అంచనా ప్రకారం ఇంగ్లీషు అమ్మభాషగా ఉన్నవాళ్లు ఒకరుంటే, తర్వాత నేర్చుకుని మాట్లాడేవాళ్లు ముగ్గురుంటారు. అంటే లోకంలో ఇంగ్లీషు సంభాషణ చాలా వరకు మీలాంటివాళ్లు మీలాంటివాళ్లతో చేస్తున్నదే. ఈ సంగతి పొక్కితే భయం నిలవదు. బయట చెప్పకండి.

5. ఉచ్చారణ అమెరికా వాళ్లది వచ్చేదాకా ఆగండి

యూట్యూబ్‌లో అమెరికన్ యాక్సెంట్ పాఠాలు బోలెడన్ని ఉన్నాయి. రాత్రి పదకొండు దాటాక, దుప్పటి కప్పుకుని, శబ్దం రాకుండా "వాటర్"ను "వారర్" అని పెదాలు కదపండి. పొద్దున కాంటీన్లో ఎవరైనా ఇంగ్లీషులో నీళ్లు అడిగితే ఏ "వాటర్" అనాలో తెలియక గ్లాసు చూపించండి.

ఇంగ్లీషు దొరలు మన పేర్లను ఏం చేశారో తవ్వుకోకండి. బెంగళూరు, తుమకూరు, హుబ్బళ్ళి, శివమొగ్గ అన్నవి వాళ్ల నోట బ్యాంగలోర్, టుమ్కూర్, హుబ్లీ, షిమోగా అయ్యాయి. నూరేళ్లకు పైగా అలాగే పిలిచారు, అలాగే రాశారు, ఆ పేర్లతోనే పాలించారు. కర్ణాటక ప్రభుత్వం 2014 నవంబరు 1న పన్నెండు ఊళ్ల పేర్లను అధికారికంగా సరిదిద్దుకోవలసి వచ్చింది. సరిగా పలకలేకపోయామే అని ఏ దొరా ఉద్యోగం మానుకుని ఓడెక్కి వెళ్లిపోలేదు. మనవాళ్లూ తక్కువేం తినలేదు, బౌరింగ్ దొర పేరు మీద వెలసిన బౌరింగ్‌పేటను చక్కగా బంగారుపేట చేసుకున్నారు. భాషలు దాటేటప్పుడు అందరి నాలుకా ఇలాగే తిరుగుతుందని దీన్నుంచి తేలుతుంది. తేలనివ్వకండి. తప్పు పలకడం పాలించేవాళ్లకు హక్కు, పనిచేసేవాళ్లకు నేరం అన్న పాత చట్టమే మనకు క్షేమం.

6. కేజీఎఫ్ తాతలను కదిలించకండి

నరసాపురం నుంచి ఒక పూటలో పోయిరాగల దూరంలో కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ ఉంది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ అక్కడ బంగారం గనులు చేపట్టింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. తవ్వగా తవ్వగా చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. గనులు నడిచిన కాలంలో ఆర్కాటు వైపు నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్లు వచ్చి కూలీ లైన్లలో కాపురాలు పెట్టారు. పైన దొరలు, ఆంగ్లో ఇండియన్లు. దొరల బంగళాలు, క్లబ్బు చూసి ఆ ఊరిని చిన్న ఇంగ్లండ్ అనేవారు.

ఆ లైన్లలో పుట్టిన పెద్దాయన ఎవరైనా తటస్థపడితే "తాతా, మీ కాలంలో దొరతో ఎట్లా మాట్లాడేవాళ్లు?" అని మాత్రం అడగకండి. బడికి పోనివాళ్లు కూడా షాఫ్టు, కేజ్, షిఫ్టు, బ్లాస్టింగ్ అన్న మాటలతోనే పని నడిపారు. నేల కింద అంత లోతున కేజ్ దిగేటప్పుడు ఎదుటివాడి మాట సమయానికి అందడం ముఖ్యం, అందులో ఆర్టికల్ ఉందా లేదా అన్నది ఎవరికీ పట్టదు. ప్రాణం మీదికి వచ్చే చోట నిరక్షరాస్యులు ఇంగ్లీషుతో పని జరుపుకున్నారని తెలిస్తే, ఏసీ హాల్లో యూనిఫాం వేసుకుని డిప్లొమా పట్టుకుని నోరెత్తకపోవడానికి మీకు సాకు దొరకదు. చరిత్ర ఇలాంటి చోట్లే మనకు ద్రోహం చేస్తుంది.

7. పక్కవాళ్లు నోరు విప్పితే వెంటనే నవ్వండి

భయాన్ని ఒక్కరే కాపాడుకోలేరు, గుంపు కావాలి. కంపెనీ బస్సులో, కాంటీన్లో, పీజీ వరండాలో ఎవరైనా ఇంగ్లీషులో ఒక ముక్క అన్నారో లేదో, "ఏం దొరా, ఇంగ్లీషు దంచతా ఉండావే!" అని గట్టిగా అనండి. ఆడవాళ్లయితే "ఏమక్కా, లండన్‌కు టికెట్ తీసినావా?" చాలు. ఇంకేం చేయనక్కర్లేదు. ఆ మనిషి మళ్లీ ఆ వారంలో నోరెత్తితే ఒట్టు.

ఇందులో ఒక రహస్యం ఉంది. అలా నవ్విన మీకే రేపు మాట్లాడాలనిపిస్తే, నిన్న మీరు నవ్విన నవ్వే మీ చెవిలో మోగుతుంది. తప్పు మాట్లాడిన మనిషిని మేనేజర్ తిట్టడం అరుదు, తోటివాళ్లు ఎగతాళి చేయడం రోజూ ఉండేది. కాబట్టి మన భయానికి అసలు కాపలాదారు మేనేజర్ కాదు, మనమే. ఈ కాపలాకు జీతం లేకపోయినా సెలవు మాత్రం పెట్టకండి. ఇద్దరు స్నేహితులు "మనలో మనం మాట్లాడుకుందాం, ఎవరూ నవ్వకూడదు" అని ఒప్పందం చేసుకుంటున్నట్టు తెలిస్తే వెంటనే విడదీయండి. అలాంటి జంటలు చాలా వేగంగా పాడైపోతాయి.

8. అర్థం కాకపోయినా "ఎస్ సార్" అనండి

ఇది అన్నిటికన్నా తేలిక. ఎదుటివాళ్లు ఏం చెప్పినా తల ఊపండి, "ఎస్ సార్" అనండి. "ప్లీజ్ రిపీట్", "స్లోలీ సార్" అన్న మాటలు నాలుక మీదికి రానివ్వకండి. ఆ రెండూ వచ్చినవాళ్లు సంభాషణను తమ వేగానికి దించుకుంటారు, తర్వాత వాళ్లను ఆపడం కష్టం.

శాలరీ స్లిప్ దగ్గర ఈ సూత్రం బాగా వెలుగుతుంది. అందులో అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. పీఎఫ్ కింద మూల వేతనంలో 12 శాతం, జీతం పరిమితికి లోబడితే ఈఎస్ఐ కింద 0.75 శాతం మీ వాటాగా కోస్తారు. ఇవి కాక ఇంకేదైనా కోత కనిపించినా, ఓటీ గంటలు తక్కువ పడినా, "సార్, వాట్ ఈజ్ దిస్ కట్టింగ్?" అని అడగకండి. అయిదు మాటలే, గ్రామర్ తప్పు కూడా పెద్దగా లేదు, అందుకే మరీ ప్రమాదం. అడిగితే కాంట్రాక్టరు లెక్క చెప్పవలసి వస్తుంది. అడగకపోతే మీ మర్యాద మిగులుతుంది. ఆ మర్యాద నెలకు ఎంత పడుతోందో కూడా లెక్క వేయకండి.

9. ఖర్చు పెట్టండి, కానీ వాడకండి

ముప్పై రోజుల్లో ఇంగ్లీషు నేర్పే పుస్తకం బస్టాండులో కొనండి. మూడో రోజు పాఠం దగ్గర చెవి మడిచి బీరువాలో పెట్టి, వచ్చే ఏడాది కొత్తది కొనండి. ఫోన్లో యాప్ వేసుకోండి. అది రోజూ గుర్తుచేస్తుంది, ఆ గుర్తుచేయడాన్ని మూసేయడం ఒక సాధనే. బెంగళూరులో పెద్ద ఇన్‌స్టిట్యూట్‌కు ఫీజు కట్టి, నైట్ షిఫ్టు పడిందని మానేయండి. డబ్బు కట్టినప్పుడు సగం నేర్చుకున్నట్టుంటుంది, మానేసినప్పుడు మిగతా సగం పరిస్థితుల మీదికి పోతుంది.

మాట్లాడక తప్పని రోజు వస్తే తొలిసారి పెద్ద చోటే మొదలుపెట్టండి. ప్రమోషన్ ఇంటర్వ్యూ దీనికి చాలా అనువు. అంతకుముందు సెక్యూరిటీ గార్డుతో "గుడ్ మార్నింగ్" అనడం, స్టోర్స్‌లో "వన్ గ్లౌజ్ ప్లీజ్" అని అడగడం, బస్సులో పక్కసీటు ఒడిశా పిల్లతో "యువర్ విలేజ్ వేర్?" అనడం లాంటి చిన్న చిన్న పనులు చేయకండి. చిన్న మెట్లు ఎక్కినవాళ్లకు పెద్ద మెట్టు చూసి కాళ్లు వణకవు. నేరుగా పెద్ద మెట్టు దగ్గరే పడితే, ఇక ఈ జన్మకు చాలనిపిస్తుంది.

దినచర్య

తెల్లవారి అయిదున్నర: కంపెనీ బస్సు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. పక్కవాళ్లు మాట కలిపే వీలుండదు.
షిఫ్టు మొదట్లో మీటింగు: వెనక వరసలో, పొడుగు మనిషి వెనకాల నిలబడండి. "ఎనీ డౌట్స్?" అన్నప్పుడు బూట్లు చూసుకోండి.
టీ విరామం: మీ భాషవాళ్ల బల్ల దగ్గరే కూర్చోండి. వేరే బల్లకు పోతే హిందీయో ఇంగ్లీషో అవసరపడుతుంది.
లంచ్: ఎవరైనా ఇంగ్లీషులో పలకరిస్తే నోట్లో ముద్ద పెట్టుకోండి.
షిఫ్టు చివర: రిపోర్టు చెప్పే పని డిప్లొమా చదివిన తమ్ముడికి అప్పజెప్పండి. రోజూ వాడే చెప్పాలి. ఆరు నెలల తర్వాత వాడు లీడర్ అయితే "వాడికి ఇంగ్లీషు వచ్చు, ఏం చేస్తాం" అనండి.
రాత్రి: దుప్పటి కింద యూట్యూబ్. శబ్దం వద్దు.

సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: నాకు ఇంగ్లీషు మాటలే రావు. నేను ఈ సూత్రాలు పాటించాలా?

జవాబు: మీకు మాటలు రావన్నది నిజం కాదు, అందుకే తప్పక పాటించాలి. నిన్న మీరు ఇంటికి ఫోన్ చేసి అన్నది ఇది: "నైట్ షిఫ్టులో మిషన్ ట్రబుల్ ఇచ్చింది, సూపర్‌వైజర్‌కు రిపోర్ట్ చేసినా, మెయింటెనెన్స్ వాళ్లు లేట్‌గా వచ్చినారు, టార్గెట్ మిస్ అయ్యింది." ఇందులో పది ఇంగ్లీషు మాటలున్నాయి. వాటిని కలిపే నాలుగు చిన్న మాటలు దొరికితే మీరు ఇంగ్లీషు మాట్లాడినట్టే. కాబట్టి మీకు తెలిసిన మాటల పట్టిక ఎప్పుడూ రాయకండి. రాస్తే నోటుబుక్కు నిండుతుంది.

ప్రశ్న: ఇంగ్లీషులో కన్నడం, తెలుగు కలిపితే తప్పా? "సార్, షిఫ్ట్ చేంజ్ మాడి" అంటే?

జవాబు: ఘోరం. అర్థమైపోతుంది. షిఫ్టు మారిపోతుంది. భాష శుద్ధంగా ఉండాలంటే పని ఆగిపోయినా ఫర్వాలేదు.

ప్రశ్న: నేను ఎస్ఎస్ఎల్‌సీ తప్పాను. నాకు ఇంగ్లీషేమిటి?

జవాబు: ఈ మాటను గట్టిగా పట్టుకోండి. మన జిల్లాలో మాత్రం డీవీజీ పేరు ఎత్తకండి. ముళబాగిలులో 1887లో పుట్టిన డీవీ గుండప్ప మెట్రిక్ తప్పారు. పొట్టకూటికి కేజీఎఫ్‌లో సోడా ఫ్యాక్టరీలో పనిచేశారు. ఆ తర్వాత బెంగళూరు చేరి ఇంగ్లీషు పత్రికకు సంపాదకులయ్యారు, కన్నడ సాహిత్యంలో మహామహులయ్యారు. పరీక్ష వేరు భాష వేరు అని ఆయన జీవితం చెబుతుంది. మన జిల్లాలో ఆయనను గొప్పగా తలుచుకునే సభలుంటాయి. వెళ్లి దండలు వేయండి, సోడా ఫ్యాక్టరీ సంగతి మాత్రం అడగకండి.

ప్రశ్న: ఈ వణుకు మనవాళ్లకేనా?

జవాబు: అలాగే నమ్మండి. 1986లో ఎలైన్ హార్విట్జ్ అనే అమెరికా ఆచార్యురాలు ఇద్దరు సహచరులతో కలిసి, పరాయి భాష తరగతిలో మనిషికి ఎంత భయం వేస్తుందో కొలవడానికి 33 వాక్యాల పట్టిక తయారుచేశారు. వాళ్లు గమనించింది టెక్సస్‌లో స్పానిష్ నేర్చుకుంటున్న విద్యార్థులను. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు కూడా స్పానిష్ తరగతిలో మనలాగే చెమటలు కక్కారన్నమాట. అంటే ఈ వణుకు పల్లెటూరిది కాదు, కన్నడ మీడియంది కాదు, కులానిదో బీదరికానిదో కాదు, కొత్త భాష ముందు నిలబడ్డ ఏ పెద్ద మనిషికైనా పట్టేది. ఈ నిజం మీ సిగ్గులో సగం తీసేస్తుంది. మిగిలిన సగంతో మనం ఎలా బతకాలి? కాబట్టి చదివినట్టే మరిచిపోండి.

ప్రమాద సూచనలు

కింది లక్షణాలు కనిపిస్తే సాధన చెడుతోందని అర్థం. ఇంగ్లీషులో తప్పు మాట్లాడాక మీకే నవ్వు వస్తుంది, ఏడుపు రాదు. ఎవరైనా సరిదిద్దితే "ఓ, అట్లనా!" అనేసి మాట కొనసాగిస్తారు. ఫోన్లో కస్టమర్ కేర్ వాళ్లు ఇంగ్లీషులో మాట్లాడితే కట్ చేయరు. కొత్తగా చేరిన అస్సాం పిల్లకు మిషన్ ఎలా ఆపాలో చేత్తోనూ మాటతోనూ చూపిస్తారు, ఆమె "ఓకే దీదీ" అంటుంది. ఒక రోజు ఇంగ్లీషు మాట్లాడుతున్న సంగతి మాట అయిపోయాక గాని మీకు గుర్తుకు రాదు. ఈ చివరి లక్షణం కనిపిస్తే ఇక మందు లేదు. కోలారు మార్కెట్టు రైతుకు హిందీ పట్టినట్టే మీకు ఇంగ్లీషు పట్టింది.

వీలునామా

ఇంత జాగ్రత్తగా కాపాడిన భయం మీతోనే పోకూడదు. పిల్లలకు అందాలి. పద్ధతి సులువు. ఇంగ్లీషు మీడియం స్కూల్లో చేర్పించి ఫీజు కట్టండి. పాప సాయంత్రం వచ్చి "మమ్మీ, టుడే ఐ ఈటెడ్ ఇడ్లీ" అంటుంది. ఏం తిన్నావు, ఎవరితో తిన్నావు అని అడగకండి. "ఈటెడ్ కాదు, ఏట్" అని అందరి ముందూ గట్టిగా సరిదిద్దండి. చుట్టాలొచ్చినప్పుడు "ఏదీ, అంకుల్‌తో ఇంగ్లీషులో మాట్లాడు" అని నిలబెట్టండి. తడబడితే "ఇంత ఫీజు కడతా ఉన్నాం, ఇంతేనా?" అనండి. రెండేళ్లలో పాప కూడా వాక్యం మొత్తం లోపలే తనిఖీ చేసుకుని, తల దించుకుని, "ఎస్ మమ్మీ" అనడం నేర్చుకుంటుంది.

నరసాపురం చుట్టుపక్కల పొలాలను పారిశ్రామికవాడ కోసం కర్ణాటక పారిశ్రామిక ప్రాంతాల అభివృద్ధి బోర్డు (కేఐఏడీబీ) తీసుకుంది. పరిహారం తీసుకున్నవాళ్లు తీసుకున్నారు, ఖర్చు పెట్టినవాళ్లు పెట్టారు. ఈ భయం అలాంటి ఆస్తి కాదు. ఏ బోర్డూ దీన్ని స్వాధీనం చేసుకోలేదు, ఎవరూ పరిహారం ఇవ్వరు, రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా లేదు. పాప ఇంటికొచ్చి ఇడ్లీ కబురు చెప్పినప్పుడు మీరు "విత్ హూ?" అని తప్పో ఒప్పో ఎదురు అడగకుండా ఉంటే చాలు, ఆస్తి చెక్కుచెదరకుండా ఆమె పేరు మీదికి మారిపోతుంది.